ఏడు ఆటలూ ఆడితే సిరీస్ రక్తి కట్టినట్టేనా? 2014 వరల్డ్ సిరీస్‌పై తెగని వాదన

2014 అక్టోబరులో శాన్‌ఫ్రాన్సిస్కో జెయింట్స్, కాన్సస్ సిటీ రాయల్స్ జట్ల మధ్య జరిగిన వరల్డ్ సిరీస్ ఏడో ఆట దాకా వెళ్లింది. అమెరికా మేజర్ లీగ్ బేస్‌బాల్ టైటిల్ తేల్చే ఈ సిరీస్‌లో ముందుగా నాలుగు ఆటలు గెలిచిన జట్టుదే విజయం. ఆ ఏడో ఆట కూడా ఒక్క పరుగు తేడాతో, స్కోరు సమం చేయగల రన్నర్ పరుగు పూర్తికి ముందు ఆఖరి మజిలీ అయిన మూడో బేస్ మీద నిలబడి ఉండగా ముగిసింది. ఈ రెండు విషయాలే వింటే అంతకు మించి ఉత్కంఠ రేపే సిరీస్ మరొకటి ఉంటుందా అనిపిస్తుంది. అయినా బేస్‌బాల్ అభిమానుల్లో ఒక వర్గం ఈ సిరీస్‌ను చప్పని సిరీస్‌ల జాబితాలోనే వేస్తుంది. వాళ్లు చూపే ఆధారం స్కోర్ల వరస: 7-1, 7-2, 3-2, 11-4, 5-0, 10-0, 3-2. ఏడు ఆటల్లో ఐదింటి ఫలితం ఐదు పరుగులు, అంతకు మించిన తేడాతో తేలింది.

క్రికెట్‌కు అలవాటుపడిన కంటికి ఐదు పరుగుల తేడా లెక్కలోకి రాదు. బేస్‌బాల్‌లో దాని బరువు వేరు. అక్కడ ఆటకు తొమ్మిది ఇన్నింగ్స్, ఒక్కో ఇన్నింగ్స్‌లో రెండు జట్లూ ఒక్కోసారి బ్యాట్ పడతాయి. 2014లో అమెరికా మేజర్ లీగ్‌లో ఒక జట్టు ఒక ఆటలో సగటున చేసింది సుమారు నాలుగు పరుగులే. కాబట్టి ఐదు పరుగులు వెనకబడిన జట్టు మామూలుగా ఒక ఆట మొత్తంలో చేసేదానికన్నా ఎక్కువ పరుగులు మిగిలిన కొద్ది ఇన్నింగ్స్‌లోనే చేయాల్సి వస్తుంది. ఈ లెక్కన చూస్తే ఆ సిరీస్ ఏకపక్షంగా సాగిన ఆటల వరస అనీ, చివరి ఆట ఒక్కటే దాన్ని గట్టెక్కించిందనీ అనేవారి మాట తీసిపారేయదగింది కాదు.

దీనికి తోడు మరో ఫిర్యాదు కూడా ఉంది. ఆ రెండు జట్లూ వైల్డ్ కార్డ్ (తమ విభాగంలో మొదటి స్థానం దక్కని జట్లకిచ్చే అవకాశం) ద్వారా లీగ్ దశ తర్వాతి పోస్ట్‌సీజన్‌లోకి అడుగుపెట్టినవే. లీగ్ దశలోని 162 ఆటల్లో జెయింట్స్ 88, రాయల్స్ 89 గెలిచాయి. ఆ ఏటి అత్యుత్తమ జట్లు కాని రెండు జట్లు తలపడినప్పుడు అది మేటి సిరీస్ ఎలా అవుతుందన్నది ఈ వర్గం ప్రశ్న. అయితే ఈ ప్రశ్న జట్ల స్థాయికి సంబంధించినది. గొప్ప జట్లు ఆడిన నిస్సారమైన సిరీస్‌లూ, సాధారణ జట్లు ఆడిన మరపురాని సిరీస్‌లూ వరల్డ్ సిరీస్ చరిత్రలో కావలసినన్ని ఉన్నాయి కనుక దాన్ని ఇక్కడితో వదిలేయవచ్చు. అసలు తేల్చుకోవలసింది ఉత్కంఠను దేనితో కొలుస్తున్నామన్నదే. ఆట ముగిశాక మిగిలే తేడాతోనా, ఆట నడుస్తున్నంతసేపు ఫలితం ఎంతవరకు తేలకుండా ఉందన్నదానితోనా? వాదిస్తున్న రెండు పక్షాలూ మొదటి కొలతనే పట్టుకుని కూర్చున్నాయి. చిక్కంతా అక్కడే వస్తోంది.

స్కోర్ల వరసను వదిలి ఇన్నింగ్స్ వారీగా చూస్తే ఆ ఐదు ‘ఏకపక్ష’ ఆటలూ ఒకేలా కనిపించవు. రెండో ఆటలో ఆరో ఇన్నింగ్స్ మొదలయ్యేసరికి స్కోరు 2-2. ఆ ఇన్నింగ్స్‌లో రాయల్స్ ఐదు పరుగులు చేయడంతో అది 7-2గా ముగిసింది. అంటే ఆటలో సగానికి పైగా రెండు జట్లూ భుజం భుజం రాసుకునే నడిచాయి. నాలుగో ఆట మరీ విచిత్రమైనది. మూడో ఇన్నింగ్స్‌లో రాయల్స్ నాలుగు పరుగులు చేసి 4-1 ఆధిక్యంలోకి వెళ్లారు. సిరీస్‌లో అప్పటికే 2-1తో ముందున్న ఆ జట్టు ఇది కూడా గెలిస్తే 3-1తో టైటిల్ అంచుకు చేరేది. జెయింట్స్ అదే ఇన్నింగ్స్‌లో ఒకటి, ఐదో ఇన్నింగ్స్‌లో రెండు పరుగులు తెచ్చి స్కోరు సమం చేశారు. ఆరులో మూడు, ఏడులో నాలుగు చేసి ఆటను లాగేసుకున్నారు. పట్టికలో 11-4గా కనిపించే ఆ ఆట నిజానికి మూడు పరుగుల వెనకబాటు నుంచి తిరిగి లేచిన ఆట. ఐదో ఆటలో ఎనిమిదో ఇన్నింగ్స్ వచ్చేదాకా స్కోరు 2-0 మాత్రమే. ఒక్క మంచి దెబ్బ పడితే తలకిందులయ్యే స్థితి అది. 5-0 అన్న అంకె ఎనిమిదో ఇన్నింగ్స్‌లో వచ్చిన మూడు పరుగుల వల్ల ఏర్పడింది.

మొదటి ఇన్నింగ్స్‌లోనే జెయింట్స్ మూడు పరుగులు చేసిన మొదటి ఆట, రెండో ఇన్నింగ్స్‌లోనే రాయల్స్ ఏడు పరుగులు కుమ్మరించిన ఆరో ఆట మాత్రమే తొందరగా చేజారిపోయాయి. కనుక సరిగ్గా చెప్పాలంటే ఆ సిరీస్‌లో చప్పబడ్డ ఆటలు ఐదు కావు, రెండు.

ఇక్కడ తెలుగు పాఠకుడికి ఒక పోలిక సులువుగానే తడుతుంది. 2001 మార్చిలో ఈడెన్ గార్డెన్స్‌లో ఆస్ట్రేలియా మీద భారత్ 171 పరుగుల తేడాతో గెలిచింది. ఆ అంకెను మాత్రమే చూసినవాళ్లు అది సునాయాస విజయమనుకుంటారు. ఫాలో ఆన్ ఆడుతూ మన హైదరాబాదీ వి.వి.ఎస్. లక్ష్మణ్ 281 పరుగులు చేసిన సంగతి గాని, నాలుగో రోజంతా అతడూ ద్రవిడూ వికెట్ పడనివ్వకుండా నిలబడిన సంగతి గాని ఆ 171లో ఎక్కడా లేదు. ఆ సిరీస్‌లోని ముంబయి టెస్టును ఆస్ట్రేలియా పది వికెట్ల తేడాతో గెలిచింది. చెన్నై టెస్టు ఒక్కటే రెండు వికెట్ల తేడాతో నువ్వా నేనా అన్నట్టు ముగిసింది. తేడాలను బట్టి చూస్తే మూడింటిలో రెండు ‘ఏకపక్షం’. అయినా ఆ సిరీస్‌ను చప్పగా ఉందన్నవారు లేరు. ఆట ముగిశాక మిగిలిన తేడాకూ, ఆట నడుస్తుండగా గుండెలో కలిగిన దడకూ సంబంధం ఎంత పలచనిదో చెప్పడానికి ఈ ఒక్క ఉదాహరణ చాలు.

ఇంతవరకు చెప్పింది ఒక్కొక్క ఆట లోపలి సంగతి. సిరీస్‌కు వేరే లెక్క ఉంటుంది. ఒక ఆట ఎంత హోరాహోరీగా సాగినా, టైటిల్ ఎవరిదన్న ప్రశ్నను అది ఎంత కదిలించిందన్నది మరో విషయం. రెండు జట్లూ సరిసమానమనీ, ప్రతి ఆటా బొమ్మా బొరుసా లాంటిదనీ అనుకుని లెక్క వేస్తే ఈ తేడా స్పష్టంగా కనిపిస్తుంది. మొదటి ఆట గెలిచిన జట్టుకు టైటిల్ అవకాశం 50 శాతం నుంచి 65.6 శాతానికి పెరుగుతుంది, ఓడిన జట్టుది 34.4కు పడుతుంది. అంటే గెలుపు ఓటముల మధ్య దూరం సుమారు 31 పాయింట్లు. సిరీస్ 2-2గా ఉన్నప్పుడు జరిగే ఐదో ఆటలో ఆ దూరం 50 పాయింట్లు. 3-3 మీద జరిగే ఏడో ఆటలో 100. అదే ఒక జట్టు 3-0తో ముందున్నప్పుడు జరిగే నాలుగో ఆటలో ఆ దూరం 12.5 పాయింట్లే, ఎందుకంటే ముందున్న జట్టు ఆ ఆట ఓడినా 87.5 శాతం అవకాశం దాని చేతిలోనే ఉంటుంది.

2014 సిరీస్‌ను ఈ కొలతతో చూస్తే మొదటి రెండు ఆటల్లో ఆ దూరం 31 పాయింట్ల పైచిలుకు, మూడు, నాలుగు ఆటల్లో 37.5, ఐదు, ఆరు ఆటల్లో 50, ఏడో ఆటలో 100. ఎక్కడా తగ్గలేదు. ఒక ఆట ఒకరు లాక్కుంటే మరో ఆట మరొకరు లాక్కున్నారు గనుక సిరీస్ మొత్తం మీద ఊగిసలాట చివరిదాకా పెరుగుతూనే పోయింది. ‘ఏడు ఆటలు జరిగాయి కదా’ అని వాదించేవారు చెప్పదలచుకున్నది ఇదే గాని, ఏడు అన్న అంకెను ఊరికే పట్టుకోవడం వల్ల వాళ్ల వాదన బలహీనపడుతోంది. నిజానికి సమ ఉజ్జీలైన రెండు జట్లు ఆడితే ఏడో ఆట దాకా వెళ్లే అవకాశం 31.25 శాతం, అంటే మూడింట ఒక వంతుకు కాస్త తక్కువ. ఏడో ఆట జరగడం దానంతట అది అద్భుతమేమీ కాదు.

దీనికి సరిగ్గా ఎదురుగా నిలిచేది 2005 సిరీస్. షికాగో వైట్ సాక్స్ జట్టు హ్యూస్టన్ ఆస్ట్రోస్‌ను 4-0తో ఓడించింది. స్కోర్లు 5-3, 7-6, 7-5, 1-0. నాలుగు ఆటల్లో కలిపి రెండు జట్ల మధ్య తేడా ఆరు పరుగులు. రెండో ఆటలో తొమ్మిదో ఇన్నింగ్స్‌లో ఇద్దరు ఔటైన తర్వాత ఆస్ట్రోస్ స్కోరు సమం చేస్తే, ఆ ఏడాది లీగ్ దశలో ఒక్క హోమ్ రన్ (బంతిని గోడ అవతలకు పంపే దెబ్బ) కూడా కొట్టని వైట్ సాక్స్ ఆటగాడు స్కాట్ పొడ్సెడ్నిక్ అదే ఇన్నింగ్స్ రెండో సగంలో హోమ్ రన్ కొట్టి గెలిపించాడు. టెక్సస్ గడ్డపై జరిగిన తొలి వరల్డ్ సిరీస్ ఆట అయిన మూడో ఆట 14 ఇన్నింగ్స్ పాటు, 5 గంటల 41 నిమిషాలు సాగింది. నాలుగో ఆటలో ఎనిమిదో ఇన్నింగ్స్‌లో గాని మొదటి పరుగు రాలేదు. అదే చివరి పరుగు కూడా అయింది. ఒక్కో ఆటను విడిగా తీసుకుంటే దీనికి సాటిరాగల సిరీస్‌లు బహు తక్కువ. అయినా ఆ సిరీస్‌కు టీవీలో వచ్చిన సగటు వీక్షణ వరల్డ్ సిరీస్‌లన్నింటిలోకి అప్పటివరకు అతి తక్కువ. ఇవాళ మేటి సిరీస్‌ల గురించి మాట వచ్చినప్పుడు దాన్ని తలచుకునేవారు అరుదు.

పై లెక్క దీనికి కొంత సమాధానం చెబుతుంది. 2005లో ఆటలు గడిచేకొద్దీ టైటిల్ మీద వాటి ప్రభావం 31 పాయింట్ల నుంచి 25కు, అక్కడి నుంచి 12.5కు దిగిపోయింది. లోపల ఆట మరిగిపోతున్నా పైన సిరీస్ చల్లబడుతూ వచ్చింది. అయితే ఈ కారణంతో ఆ సిరీస్‌ను మరచిపోవడం మాత్రం అన్యాయం. 14 ఇన్నింగ్స్ పాటు కూర్చుని ఆ మూడో ఆటను చూసిన మనిషి, సిరీస్ 2-0గా ఉంది గనుక దీనికి అంత బరువు లేదని లెక్క వేసుకుంటూ చూడడు. ఉత్కంఠ ఆ క్షణానికి చెందినది. 4-0 అన్న అంకె తర్వాత చరిత్రకు చెందినది.

ఇంకా ముందుకు వెళ్తే ఉత్కంఠతో ఏ మాత్రం పనిలేకుండా గుండెల్లో నిలిచిపోయిన సిరీస్ కూడా ఉంది. 2004లో బోస్టన్ రెడ్ సాక్స్ జట్టు సెయింట్ లూయిస్ కార్డినల్స్‌పై ఆడిన నాలుగు ఆటల్లో ఒక్క క్షణం కూడా వెనకబడలేదు. ఆట పరంగా అంతకన్నా ఏకపక్షమైన సిరీస్‌ను ఊహించడం కష్టం. కానీ టైటిల్ కోసం 86 ఏళ్ల నిరీక్షణ తీరిన ఆ నాలుగు రోజులను బోస్టన్ అభిమానుల దగ్గర చప్పగా ఉన్నాయని ఎవరూ అనలేరు. వాళ్లు చూసింది ఆ నాలుగు ఆటలను మాత్రమే కాదు. అంతకు ముందు న్యూయార్క్ యాంకీస్ మీద 0-3 నుంచి లేచి వచ్చిన వారాన్నీ, తాతల తండ్రుల కాలం నుంచి పోగైన ఆశాభంగాలనూ కలిపి చూశారు. 2014లో కాన్సస్ సిటీ వాసులది కూడా కొంతమేరకు అలాంటి స్థితే. ఆ నగరం 1985 తర్వాత వరల్డ్ సిరీస్ మొహం చూడలేదు. 29 ఏళ్ల తర్వాత సొంత స్టేడియంలో 10-0తో గెలిచిన ఆరో ఆట బయటివారికి విసుగు పుట్టించవచ్చు గాని, ఆ ఊరివారికి అది పండగ.

ఆ ఆరో ఆటను పట్టిక చూసి తీసిపారేయడానికి వీల్లేని మరో కారణం ఉంది. రెండు రోజుల ముందు, అక్టోబరు 26న, డొమినికన్ రిపబ్లిక్‌లో జరిగిన కారు ప్రమాదంలో 22 ఏళ్ల కార్డినల్స్ ఆటగాడు ఆస్కర్ టవేరాస్ చనిపోయాడు. ఆరో ఆటలో రాయల్స్ తరఫున బంతి అందుకున్న యోర్డానో వెంచురా అతడి దేశస్తుడు, స్నేహితుడు. టోపీ మీద ఆ స్నేహితుడి గుర్తుగా అక్షరాలు రాసుకుని వచ్చి, ఏడు ఇన్నింగ్స్ పాటు ప్రత్యర్థికి ఒక్క పరుగు కూడా ఇవ్వలేదు. 2017 జనవరిలో వెంచురా కూడా అదే దేశంలో కారు ప్రమాదంలోనే పోయాడన్న సంగతి తెలిసినవాళ్లు ఆ ఆటను ఇప్పుడు చూస్తే కళ్లు చెమర్చకుండా ఉండవు.

ఇక అక్టోబరు 29 నాటి ఏడో ఆట. సిరీస్‌ను సమర్థించేవారూ విమర్శించేవారూ ఏకాభిప్రాయానికి వచ్చే చోటు ఇదొక్కటే గనుక ఇక్కడ కాస్త ఆగి చూడాలి. రెండో ఇన్నింగ్స్ ముగిసేసరికి 2-2. మూడో ఇన్నింగ్స్‌లో రాయల్స్ రన్నర్ మొదటి బేస్ మీద ఉండగా ఎరిక్ హాస్మర్ కొట్టిన బంతి మైదానం మధ్యలోంచి దూసుకుపోబోయింది. జెయింట్స్ ఆటగాడు జో పానిక్ పక్కకు దూకి దాన్ని అందుకుని, లేచి చేత్తో తీసే సమయం లేక గ్లవ్‌తోనే రెండో బేస్ వైపు విసిరాడు. అక్కడ బ్రాండన్ క్రాఫర్డ్ అందుకుని మొదటి బేస్‌కు కొట్టాడు. హాస్మర్ తల ముందుకు పెట్టి దూకాడు. ముందు సేఫ్ అన్న అంపైర్ల నిర్ణయం వీడియో సమీక్షలో ఔట్‌గా మారింది. ఒక పెద్ద ఇన్నింగ్స్ కాగలిగింది అక్కడే ఆగిపోయింది. నాలుగో ఇన్నింగ్స్‌లో జెయింట్స్ మరో పరుగు చేసి 3-2తో ముందుకు వెళ్లారు.

ఐదో ఇన్నింగ్స్‌లో జెయింట్స్ తరఫున మాడిసన్ బమ్‌గార్నర్ బంతి అందుకున్నాడు. మూడు రోజుల కిందటి ఐదో ఆటలో 117 బంతులు వేసి, ఆ ఆట మొత్తాన్ని ఒంటరిగా మోసిన పిచర్ (బంతి వేసే ఆటగాడు) అతడు. అలాంటివాడు నడుమ రెండు రోజుల విశ్రాంతితోనే మళ్లీ రావడం మామూలు విషయం కాదు. అతడి మొదటి ప్రత్యర్థి హిట్ కొట్టి బేస్ చేరాడు. ఆ తర్వాత వరసగా 14 మంది ఔటయ్యారు. కొందరు ప్రేక్షకులు ఈ భాగాన్నే చప్పగా ఉందంటారు. బంతి బయటకు పోదు, రన్నర్లు పరుగెత్తరు, స్కోరు కదలదు. కానీ అలసిన చేతిలో ఇంకా ఎన్ని బంతులు మిగిలాయన్న ప్రశ్న ప్రతి ఇన్నింగ్స్‌కూ పెద్దదవుతూ వచ్చింది. ఏమీ జరగకపోవడమే ఇక్కడ ఉత్కంఠకు మూలం. బేస్‌బాల్‌లో ఆటను ముగించే గడియారం లేదు, 27 మందిని ఔట్ చేసేదాకా ఆట ముగియదు. ఒక్క పరుగు ఆధిక్యంతో ఉన్న జట్టు కాలయాపన చేసి గట్టెక్కడానికి దారి లేదు.

తొమ్మిదో ఇన్నింగ్స్‌లో ఇద్దరు ఔటయ్యాక రాయల్స్ ఆటగాడు అలెక్స్ గోర్డన్ కొట్టిన బంతి ఎడమ, మధ్య మైదానాల నడుమ పడింది. ముందుకు పరుగెత్తుకొచ్చిన జెయింట్స్ ఫీల్డర్ గ్రెగర్ బ్లాంకో దాన్ని ఆపలేకపోయాడు. బంతి అతణ్ణి దాటి గోడ దాకా దొర్లింది. వెనక నుంచి వచ్చిన హువాన్ పెరెజ్‌కు కూడా అది వెంటనే చేతికి చిక్కలేదు. గోర్డన్ రెండో బేస్ దాటి మూడో బేస్ వైపు వస్తున్నాడు. అక్కడ నిలబడిన రాయల్స్ కోచ్ మైక్ జిర్షెలీ రెండు చేతులూ ఎత్తి ఆగమన్నాడు. గోర్డన్ ఆగాడు. 90 అడుగుల దూరంలో సమం చేసే పరుగు.

అతణ్ణి ఆపకుండా పరుగు పూర్తయ్యే హోమ్ ప్లేట్ దాకా పంపి ఉంటే ఏమయ్యేదన్నది అభిమానులు ఇప్పటికీ తేల్చుకోలేదు. బంతి అప్పటికే క్రాఫర్డ్ చేతికి చేరుతోంది. గోర్డన్ ఇంకా 90 అడుగులు పరుగెత్తాలి. విసిరిన బంతి గురి తప్పితే తప్ప అతడు ఔటయ్యేవాడనే ఎక్కువమంది నిర్ణయం. అది సరైన నిర్ణయమే అనిపిస్తుంది. కానీ మరో వైపు చూస్తే, ఆ క్షణంలో బమ్‌గార్నర్ బౌలింగ్‌లో హిట్ కొట్టే అవకాశం కూడా పెద్దదేమీ కాదు. ఒక మనిషి చేతులు ఎత్తిన ఆ క్షణం మీద ఇన్నేళ్లు వాదించుకోవాలనిపించడమే ఆ ఆట ఎంత రక్తి కట్టిందో చెబుతుంది.

బ్యాట్ పట్టుకుని వచ్చింది రాయల్స్ ఆటగాడు సాల్వడోర్ పెరెజ్. ఆ సిరీస్ మొత్తం మీద బమ్‌గార్నర్ వేసిన 21 ఇన్నింగ్స్‌లో అతడు ఇచ్చింది ఒకే ఒక్క పరుగు. దాన్ని మొదటి ఆటలో హోమ్ రన్‌గా కొట్టినవాడు ఈ పెరెజే. ఈ ఏడో ఆట రెండో ఇన్నింగ్స్‌లో బంతి కాలికి తగిలి కుంటుతూ లేచినవాడు కూడా ఇతడే. బమ్‌గార్నర్ ఎత్తుగా వేగబంతులు వేస్తూ పోయాడు. ఆ రాత్రి అతడు వేసిన 68వ బంతిని పెరెజ్ గాల్లోకి లేపాడు. అది ఫౌల్ గీత బయట, మూడో బేస్‌కు దగ్గర్లో పాబ్లో సాండోవల్ గ్లవ్‌లో పడింది. సాండోవల్ వెనక్కి వాలి నేల మీద పడిపోయాడు. మొదటి ఆటను సుమారు 1.2 కోట్ల మంది చూస్తే ఈ చివరి ఆటను సుమారు 2.35 కోట్ల మంది చూశారు.

ఇవన్నీ కలిపి చూసినప్పుడు 2014 సిరీస్‌ను మేటి సిరీస్‌ల మొదటి వరసలో పెట్టడం కుదరదు. ఆ వరసకు కొలమానం 1991లో మినెసోటా, అట్లాంటా జట్లు ఆడిన సిరీస్. ఏడింటిలో ఐదు ఆటలు ఒక్క పరుగు తేడాతో, మూడు అదనపు ఇన్నింగ్స్‌లో తేలి, చివరిది పది ఇన్నింగ్స్ తర్వాత 1-0తో ముగిసింది. అందులో ఆటల బిగువూ, సిరీస్ ఊగిసలాటా రెండూ ఉన్నాయి. 2014లో రెండోది పూర్తిగా ఉంది, మొదటిది సగం ఉంది. అయితే దాన్ని ‘ఒక్క మంచి ఆట, ఆరు పనికిరాని ఆటలు’ అనేవారు మాత్రం స్కోర్ల వరసను చూశారే తప్ప ఆటలను చూడలేదు. 1960లో యాంకీస్ జట్టు 16-3, 10-0, 12-0తో మూడు ఆటలు గెలిచి, మొత్తం 55 పరుగులు చేసి, 27 పరుగులే చేసిన పిట్స్‌బర్గ్ చేతిలో సిరీస్ ఓడిపోయింది. ఏడో ఆట తొమ్మిదో ఇన్నింగ్స్‌లో బిల్ మాజెరోస్కీ కొట్టిన హోమ్ రన్‌తో అది 10-9గా ముగిసింది. ఆ సిరీస్‌ను ఇవాళ చప్పగా ఉందని ఎవరూ అనరు.

కాన్సస్ సిటీ కథ ఆ రాత్రితో ముగియలేదు. మరుసటి ఏడాది రాయల్స్ మళ్లీ వరల్డ్ సిరీస్‌కు వచ్చారు. న్యూయార్క్ మెట్స్‌తో ఐదో ఆట తొమ్మిదో ఇన్నింగ్స్‌లో ఒక పరుగు వెనకబడి ఉండగా, ఈసారి మూడో బేస్ మీద నిలబడింది హాస్మర్. బ్యాట్ పట్టుకున్నది మళ్లీ సాల్వడోర్ పెరెజే. పెరెజ్ నేల మీదుగా కొట్టిన బంతిని మూడో బేస్ దగ్గరి ఆటగాడు అందుకుని మొదటి బేస్‌కు విసరగానే హాస్మర్ ఆగకుండా హోమ్ ప్లేట్ వైపు పరుగు తీశాడు. మొదటి బేస్ నుంచి తిరిగి వచ్చిన బంతి గురి తప్పింది. స్కోరు సమమైంది. పన్నెండో ఇన్నింగ్స్‌లో ఐదు పరుగులు చేసి రాయల్స్ టైటిల్ గెలిచారు. సిరీస్ మేటి ఆటగాడు పెరెజ్. పట్టికలో ఆ ఆట స్కోరు 7-2.